ఆకు అదే, సీసా మారింది

మా ఆత్రేయపురములో ఒక వస్తువును మెచ్చుకోవాలంటే "ఇంట్లో చేసినదండీ" అని ఒక్క మాట చెబితే చాలు. పూతరేకుల ఊరు గదా! బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, బియ్యపు పిండిని పలుచగా కలిపి, గుడ్డను అందులో ముంచి కుండ వీపుమీద ఒక్కసారి లాగితే కాగితము కంటె పలుచని రేకు వస్తుంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఊరంతా సంతోషించింది. ఆ పేరు తెచ్చినవి మన ఇండ్లలో పొయ్యి దగ్గర కూర్చున్న స్త్రీల చేతులే. అందుచేత "ఇంట్లో చేసినది", "సహజమైనది", "రసాయనము కలపనిది" అనే మాటలు చెవిని పడగానే మన మనస్సు నెమ్మదిస్తుంది. ఇక ప్రశ్న వేయము.

ఈ నెల ఆ నెమ్మదిని గురించి, దాని చాటున కొన్ని ఇండ్లలోకి వస్తున్న ఒక చిన్న సీసాను గురించి మన కుటుంబములతో మాట్లాడవలెనని ఆశిస్తున్నాము.

అలమరలోని దగ్గుమందు సీసా

కొన్ని నెలల క్రిందట మా సంఘములోని ఒక తల్లి కబురు పంపితే మేము, సంఘ పెద్ద ఒకరు కలిసి వారింటికి వెళ్ళాము. ఆమె కుమారునికి ఇరవై ఆరు సంవత్సరములు. నాలుగేండ్లు గల్ఫ్‌లో పనిచేసి ఇంటికి వచ్చాడు. ఇంట్లో అతని నాయనమ్మ, పుట్టింటికి వచ్చిన అక్క, ఆమె మూడేండ్ల పాప ఉన్నారు.

ముందురోజు రాత్రి పాపకు దగ్గు ఎక్కువైందట. కరెంటు లేదు. అక్క తడుముకుంటూ అలమర తెరిచి, దగ్గుమందు సీసా చేతికి తగిలితే తీసి, చెంచాలో పోసింది. ప్రక్కనే మంచముమీద ఉన్న నాయనమ్మ, "ఆగవే, ఏదీ ఇలా తే" అని చెంచాను ముక్కు దగ్గర పెట్టుకున్నది. "ఇది మందు కాదే, లంకాకు!" అని కేక వేసింది.

అరవై ఏండ్లుగా చుట్ట కాల్చిన ఆమె ముక్కు ఆ రాత్రి ఆ బిడ్డను కాపాడింది.

సీసా కుమారునిది. అతడు దాచలేదు, అబద్ధమాడలేదు. "అయ్యగారూ, నేను సిగరెట్లు మానేశానండి. రోజుకు పెట్టె కాల్చేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటి ముట్టను. ఇది వేప్‌లో పోసుకునే ద్రవమండి. బజారులో దొరికే వాటిలో ఏవేవో రసాయనాలు ఉంటాయని నేనే ఇంట్లో చేసుకుంటున్నాను. ఇందులో ఆకు తప్ప ఏమీ లేదండి" అన్నాడు.

మేము ఏమి చెప్పాలా అని ఆలోచించేలోగా నాయనమ్మ అందుకున్నది. "ఆకు తప్ప ఏమీ లేదంటున్నావు. నా చుట్టలో మాత్రం ఏమున్నదిరా నాయనా?"

ఆ మాటకు అతని దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమంతా ఆ ముసలితల్లి ప్రశ్నకు వివరణ మాత్రమే.

ఏమిటీ ద్రవము?

చదువరులలో అనేకులు దీనిని చూచి ఉండరు గనుక చెబుతున్నాము. ఈ-సిగరెట్టు లేక వేప్ అనేది కలము వంటి చిన్న పరికరము. లోపల బ్యాటరీ, ఒక సన్నని తీగచుట్ట, కొంచెము ద్రవము ఉంటాయి. తీగ వేడెక్కి ద్రవమును ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరిని పీలుస్తారు. నేడు మనము చూచే ఈ రకపు పరికరమును చైనా దేశస్థుడైన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో రూపొందించాడు. నిప్పు ఉండదు, బూడిద ఉండదు గనుక ఇది పొగత్రాగుట కాదని చాలామంది తలుస్తారు.

కంపెనీల ద్రవములో సాధారణముగా శుద్ధి చేసిన నికోటిన్‌ను కొలిచి కలుపుతారు. అది ఇష్టము లేనివారు, నిజమైన పొగాకు రుచి కావాలనేవారు, ఎండిన ఆకునే తెచ్చి గ్లిజరిన్ వంటి ద్రవములో నానబెడతారు. కొందరు వేడి చేస్తారు, కొందరు వారముల తరబడి అలాగే ఉంచుతారు. తరువాత వడగడతారు. తేనె రంగు ద్రవము దిగుతుంది. మా కుమారుడు సంతలో చుట్టాకు కట్ట కొని ఇదే పని చేశాడు. ఊరగాయ పెట్టుకునే ఇంట్లో ఇదొక వింత పనిగా ఎవరికీ తోచలేదు.

ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచించాలి. గ్లిజరిన్ ఆకులోని రుచిని మాత్రమే ఏరుకొని తీసికొనదు. నికోటిన్ దిగుతుంది, దానితోపాటు ఆకులోని మరి అనేక పదార్థములు దిగుతాయి. 2015లో గ్రీసు దేశపు వైద్యుడు ఫర్సలినోస్, అతని సహచరులు ఈ విధముగా ఆకునుండి తీసిన ద్రవములను మామూలు ద్రవములతో పోల్చి చూచారు. ఆకునుండి తీసిన వాటిలో నైట్రేట్లు, ఫినాల్స్ ఎక్కువగా ఉన్నాయి. క్యాన్సరుకు కారణమయ్యే, పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు కూడ కనబడ్డాయి. పొగాకులో ఉండేదానికంటె అవి చాలా తక్కువ అని కూడ ఆ పరిశోధకులు వ్రాశారు. ఆ మాటను దాచడము న్యాయము కాదు. అయితే "సహజమైనది గనుక ఎక్కువ శుభ్రము" అనే నమ్మకము మాత్రము ఆ పరీక్షకు నిలువలేదు.

మరొక సంగతి. ఆకులోని చక్కెరలు, జిగురు ఆ ద్రవములోకి వచ్చి తీగమీద మాడి నల్లగా పేరుకుంటాయి. అతడు మాకు తన పరికరము విప్పి చూపించాడు. "ఈ తీగను వారానికొకసారి మార్చుకోవాలండి" అన్నాడు. "తీగను మారుస్తావు బాబూ, ఊపిరితిత్తులను ఎక్కడ కొంటావు?" అని మేము అడిగాము.

గోదావరి ఎరిగిన ఆకు

మన డెల్టాకు ఈ ఆకు కొత్తది కాదు. పోర్చుగీసువారు సుమారు నాలుగు వందల ఏండ్ల క్రిందట అమెరికా ఖండమునుండి మన దేశమునకు తెచ్చిన పొగాకు, గోదావరి లంకలలో తన ఇల్లు తాను కట్టుకున్నది. వరద తీసిన తరువాత మిగిలే ఒండ్రుమట్టిలో నాటు పొగాకు ఏపుగా పెరుగుతుంది. నీడను ఆరబెట్టి, మండె కట్టి, మగ్గిన తరువాత ఘాటైన చుట్టాకు అవుతుంది. లంక చుట్టకు ఉన్న పేరు అంతా ఇంతా కాదు. గురజాడ వారి కన్యాశుల్కములో గిరీశము చేతిలో చుట్ట లేకుండ అతనిని ఊహించలేము. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను స్థాపించినదీ, 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినదీ ఈ పంట మన జిల్లాలకు ఎంత ముఖ్యమో చెబుతాయి. దేవరపల్లి, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వేలము కేంద్రములలో పలికే ధరమీద పిల్లల చదువులు, ఆడపిల్లల పెండ్లిండ్లు ఆధారపడిన కుటుంబములు మన సంఘములలోనూ ఉన్నాయి. వారిని నిందించడానికి మేము ఈ మాటలు వ్రాయడము లేదు. ఆకును గూర్చి మనకంటె వారికే ఎక్కువ తెలుసు.

నిజముగానే తెలుసు. మంచుకు, వానకు తడిసిన పొగాకు తోటలో ఆకు కోసే కూలీలను అడగండి. కడుపులో త్రిప్పుట, వాంతులు, తల తిరుగుట ఎలా ఉంటాయో చెబుతారు. ఆ ఆకు వారు కాల్చలేదు, నమలలేదు. తడి ఆకులోని నికోటిన్ చర్మము గుండా ఒంట్లోకి పోయింది. వైద్యులు దీనికి పచ్చి పొగాకు జబ్బు అని పేరు పెట్టారు.

రైతులను కూడ అడగండి. పేనుబంక, తెల్లదోమ పట్టిన చేనుకు పొగాకు కషాయము కొట్టడము మన పెద్దలకు తెలిసిన విద్యే. 1 కిలో పొగాకును 10 లీటర్ల నీటిలో అరగంట మరగబెట్టి, చల్లార్చి, వడగట్టి, సబ్బుపొడి కలిపి, మరింత నీరు పోసి చల్లుతారు. పురుగు చస్తుంది. మేలు చేసే పురుగులు కూడ చస్తాయి గనుక పదేపదే కొట్టవద్దంటారు. కొట్టేవాడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలని చెబుతారు. ఇది కూడ ఇంట్లో చేసినదే. ఇది కూడ సహజమైనదే!

పురుగులను చంపడానికి ముక్కుకు గుడ్డ కట్టుకొని చల్లే కషాయమునకూ, రుచికొరకు గుండెలనిండ పీల్చే ఈ ద్రవమునకూ ఆకు ఒక్కటే. నీటికి బదులు గ్లిజరిన్ వచ్చింది, అంతే. పైగా ఎంత నికోటిన్ దిగిందో ఇంట్లో కొలిచే సాధనము లేదు. మొక్క పైభాగపు ఆకులో ఎక్కువ, అడుగాకులో తక్కువ. ఒక చేనికీ మరొక చేనికీ తేడా. మొన్న చేసిన సీసా బలము నేడు చేసిన సీసాకు ఉండదు.

పసిపిల్లల సంగతి మరీ భయంకరము. అమెరికాలో 2014లో ఒక పసిబాలుడు ఇటువంటి ద్రవ నికోటిన్‌ను మ్రింగి చనిపోయాడు. తరువాత 2016లో అక్కడ, పిల్లలు తెరువలేని మూతలు ఈ సీసాలకు తప్పక ఉండవలెనని చట్టము చేశారు. మన ఇంటి అలమరలోని పాత దగ్గుమందు సీసాకు ఏ చట్టము మూత బిగిస్తుంది?

నాయనమ్మ నోరు

ఆ రోజు మేము కుమారునితో మాత్రమే మాట్లాడి రాలేదు. నాయనమ్మ తన ప్రశ్నకు తానే సాక్షి. ఆమె చుట్టను అడ్డపొగగా, అంటే నిప్పు వెలుగుతున్న కొనను నోటిలో పెట్టుకొని కాలుస్తుంది. ఈ అలవాటు శ్రీకాకుళము, విశాఖ తీర గ్రామములలో ఎక్కువ. మన వైపు కూడ కొందరు పెద్ద వయస్సు స్త్రీలలో ఉన్నది. గాలికి నిప్పు ఆరదని, పనిచేసుకుంటూ కాల్చవచ్చని కారణములు చెబుతారు.

డెన్మార్క్ దేశపు వైద్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయి వైద్యుడు మెహతా మొదలైనవారు మన రాష్ట్రములో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో తమ అధ్యయనమును ప్రచురించారు. అడ్డపొగ త్రాగేవారి అంగిలిమీద తెల్లని పొరలు, ఎర్రని మచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సరు ఉన్నట్లు లోకమునకు తెలిపారు. మన పల్లె స్త్రీల నోరు ప్రపంచ వైద్యగ్రంథములకు ఎక్కింది. అది గొప్ప కాదు, దుఃఖము.

"మామ్మా, మీ అంగిలి ఎప్పుడైనా ఎవరికైనా చూపించారా?" అని అడిగాము. "నోరు చూపించుకోవడానికి డాక్టరెందుకు నాయనా, అన్నం తింటున్నానుగా" అన్నది. మనవడే ఆమెను రాజమండ్రిలో ఒక దంతవైద్యుని వద్దకు తీసికొని వెళ్ళాడు. తెల్లని పొర ఉన్నది. ఇంకా ముదరలేదని, ఇప్పుడే మానితే తగ్గే అవకాశము ఉన్నదని వైద్యుడు చెప్పాడట.

లోకము ఏమంటున్నది?

యువకులు ఫోనులో చూచి మనలను అడుగుతారు: "బ్రిటన్‌లో వైద్యులే వేప్ వాడమంటున్నారు గదా?" ఈ ప్రశ్నను కసరి కొట్టవద్దు. అది నిజమే. అక్కడి ఆరోగ్యశాఖ, సిగరెట్టు కాల్చే పెద్దవారు దానిని మానుటకు వేప్‌ను ఒక సాధనముగా అంగీకరించింది. సిగరెట్టు పొగకంటె దీనివలన హాని తక్కువ అని చెబుతూనే, హాని లేదని చెప్పలేదు. పొగత్రాగనివారు, పిల్లలు ముట్టవద్దని చెప్పింది. పైగా అక్కడ అనుమతించినది కొలత, పరీక్ష, హద్దు ఉన్న ద్రవమునే గాని ఇంట్లో వడగట్టిన సీసాను కాదు.

మరి అమెరికాలో 2019లో ఏమి జరిగింది? వేప్ పీల్చిన యువకులు ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది, వారిలో 68 మంది మరణించారు. ఎక్కువగా దొరికిన కారణము, గంజాయి నూనెను చిక్కబరచుటకు కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే పదార్థము. మ్రింగే మాత్రలలో, చర్మమునకు పూసే క్రీములలో అది మామూలుగా వాడే వస్తువే! కడుపుకు సరిపడినది ఊపిరితిత్తులకు సరిపడలేదు. ఊపిరితిత్తి గాలికొరకు చేయబడినది. తినదగినదంతా పీల్చదగినది కాదు.

మన దేశములో 2019లో చేసిన చట్టము ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, రవాణాను, అమ్మకమును, నిల్వను, ప్రకటనను నిషేధించింది. తయారీ, దిగుమతి, అమ్మకము వంటి నేరములకు మొదటిసారి ఒక సంవత్సరము వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ. విదేశమునుండి వచ్చే కుమారులు పెట్టెలో తెచ్చే "బహుమానము"ను గూర్చి తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసికొని ఉండుట మంచిది.

ఎవరు యజమాని?

"అయ్యగారూ, బైబిలులో పొగాకు మాటే లేదు గదా?" అని కొందరు నవ్వుతూ అడుగుతారు. లేదు. ఆ దినములలో ఆ ఆకును ఎరిగినది అమెరికా ఖండపు ప్రజలు మాత్రమే. అయినా పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినప్పుడు జాబితా చదవలేదు. ఏది నన్ను లోబరచుకొనుచున్నది అనే ప్రశ్నను మన ముందుంచాడు. ఆ ప్రశ్న చుట్టకూ తగులుతుంది, సిగరెట్టుకూ తగులుతుంది, సీసాకూ తగులుతుంది. ఆ కుమారుని మేము అడిగినది కూడ అదే: "సిగరెట్టు మానావు, మంచిది. సీసా ఇంట్లో మరచిపోయి రావులపాలెం దాకా వెళ్ళావనుకో, తిరిగి వస్తావా?" చాలాసేపు తల వంచుకొని, "వస్తానండి" అన్నాడు.

అతని ఆశను మేము త్రోసివేయలేదు. సిగరెట్టు మానవలెనని ఆశించుట మేలైన ఆశ. వేలాదిమంది ఆ ఆశకూడ లేకుండ కాలుస్తున్నారు. అయితే యజమాని ఇల్లు మారినంత మాత్రాన దాసునికి విడుదల రాదు.

సంఘములో మనము తరచుగా చేసేది ఏమిటి? వేదిక మీదనుండి గద్దిస్తాము. కాల్చేవాడు వెనుక బల్లకు జరుగుతాడు, తరువాత గుడికి రావడమే మానేస్తాడు. గద్దింపువలన మానినవారికంటె, ప్రక్కన కూర్చొని నడిపించినవారివలన మానినవారే ఎక్కువమందిని మా పరిచర్యలో చూచాము. గనుక కొన్ని మాటలు కుటుంబములకు చెప్పగోరుతున్నాము.

ఇంట్లో ఇటువంటి సీసా ఉంటే నేడే తీసివేయండి. కాలువలో, చెరువులో పోయవద్దు. చేపలకు కూడ అది విషమే. బావికి, పశువుల కొట్టమునకు దూరముగా గొయ్యి తీసి పూడ్చండి. చేతికి అంటితే సబ్బుతో కడగండి. పిల్లలు మ్రింగినట్లు అనుమానము కలిగితే నాటు వైద్యములు చేస్తూ కూర్చొనక, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి.

మానవలెననుకొనేవారు ఒంటరిగా పోరాడవద్దు. పొగాకు పెట్టెలమీదనే అచ్చువేసే 1800-11-2356 నంబరుకు ఫోను చేయండి; ఖర్చు లేదు. వైద్యుని సలహాతో నికోటిన్ గమ్ము వాడవచ్చు. మొదటి రోజులలో చిరాకు, నిద్రలేమి, కోపము వస్తాయి. ఆ రోజులలో భార్య, తల్లి, అక్కచెల్లెండ్రు ఎత్తిపొడుపు మాటలు మాని ఓర్చుకుంటే అదే సగము వైద్యము. జారిపడినవానిని "నాకు ముందే తెలుసు" అనవద్దు.

చుట్ట కాల్చే పెద్దల నోటిని నెలకొకసారి వెలుతురులో చూడండి. అంగిలిమీద తెల్లని పొర, మానని పుండు కనబడితే నొప్పి లేదని ఊరుకొనవద్దు. "ఈ వయస్సులో ఇక ఎందుకులే" అనే మాట ప్రేమవలె వినబడుతుంది గాని, అది వారిని వదిలివేయుటే.

మా కుమారుడు పరికరమును తీసివేశాడు. సీసాలు పూడ్చాడు. తరువాత రెండుసార్లు సిగరెట్టు ముట్టించి, తానే వచ్చి చెప్పాడు. మూడవసారి ఇంకా రాలేదు. నాయనమ్మ రోజుకు నాలుగు చుట్టలనుండి ఒకటికి దిగింది. ఆ ఒక్కటి కూడ నిప్పు బయటికి పెట్టి కాలుస్తున్నదని మనవడు చెబుతాడు. అది చాలదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. సాయంకాల ప్రార్థన అయిన తరువాత వారిద్దరు ఒకరినొకరు, "ఈ రోజు ఎన్ని?" అని అడుగుకుంటున్నారట. మీ ఇంట్లో కూడ ఆ ప్రశ్న అడిగేవారు ఒకరు, నిజము చెప్పేవారు ఒకరు ఉందురు గాక. ప్రభువు మీ గృహములను కాపాడును గాక.